ఉచిత శిక్షణకు బిల్లు మా ఇంటికే వస్తోంది సార్: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పాత నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని. పక్క మండలం లైబ్రరీకి కూడా ఇన్‌ఛార్జిని నేనే. మా ఆయన ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీ, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్. ఇద్దరమూ మీ శాఖ మనుషులమే కాబట్టి ఒకే ఇంటి నుంచి రెండు వినతిపత్రాలు వచ్చాయనుకోండి. అసలు లెక్క ప్రకారం నాకిది ఐదోది. ముందు ఇచ్చిన నాలుగింటికీ రసీదులు నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికే వచ్చింది, "మీ వినతి పరిశీలనలో ఉన్నది" అని. నాలుగోది ఇచ్చినప్పుడు మొదటి మూడింటి జిరాక్సులు జతచేయమన్నారు. చేశాను. ఇప్పుడు ఆ జిరాక్సులు కూడా పరిశీలనలోనే ఉండి ఉంటాయి.

ఈసారి నేరుగా మీకే రాయడానికి కారణం పోయిన నవంబరు. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేసుకున్నాం కదా. ముగింపు రోజు ఒక అధికారి గారు శాలువా సర్దుకుంటూ అన్నారు: "ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీ అమ్మా. దీక్ష ఉంది, స్వయం ఉంది, నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. నేర్చుకోవాలన్న తపన ఉంటే చాలు." ఆయన చెప్పిన మూడూ ప్రభుత్వం నెట్‌లో ఉచితంగా పెట్టిన పాఠాల, పుస్తకాల వేదికలు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

మా తపన ఎలా ఉంటుందో చెబుతాను. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన. అదీ నా సిమ్‌కే, మా ఆయన సిమ్‌కు దొరకదు. ఏదైనా కోర్సు గడువు దగ్గర పడిందంటే ఆ రాత్రి ఇద్దరమూ మేడ మీదే. నా ఫోన్ హాట్‌స్పాట్, ఆయన ఫోన్ క్లాస్‌రూమ్. రోజుకు 1.5 జీబీ ప్యాకేజీ నాది. ఆయన వీడియోలు సగం కాకముందే డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. మళ్లీ రీచార్జి. పిల్లలు కింద నుంచి "అమ్మా, అన్నం" అని కేకలు. పైన వీడియోలో ఒక మేడం చాలా చక్కగా, "పిల్లల మాటలను ఓపికగా వినండి" అని చెబుతుంటారు.

టీచర్లకు కేంద్రం పెట్టిన శిక్షణ కార్యక్రమం నిష్ఠ 2019లో మొదలైనప్పుడు టీచర్లను ఒక చోట కూర్చోబెట్టి చెప్పారు. 2020లో కరోనా వచ్చి అది ఫోన్‌లోకి ఎక్కింది. ఆ ఏడాదే వచ్చిన జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏటా 50 గంటలు శిక్షణ పొందాలంది. మంచిదే. ఆ 50 గంటలు ఏ పూట అన్నదే మా ఇంట్లో తేలని ప్రశ్న. మా ఆయన బడిలో ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. అందులో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులకూ ఒక్కరే. మధ్యలో ఫోన్ తీసి మాడ్యూల్, అంటే ఆ శిక్షణ పాఠం, చూడమంటారా? చూస్తే, తనిఖీకి వచ్చినవాళ్లు టీచర్ ఫోన్‌లో మునిగి ఉన్నాడని రాస్తారు.

అందుకని ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. వీడియో దానంతట అది నడుస్తుంటుంది, మనిషి నిద్రపోతుంటాడు. క్విజ్‌లో 70 శాతం రావాలి కాబట్టి జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఇది చాడీ అనుకోకండి. పని ఎక్కువై, గడువు తక్కువైతే ఎవరైనా అదే చేస్తారు. చూడాల్సినవి లేక కాదు. పునాది చదువుల మీద వచ్చిన 12 మాడ్యూళ్లలో కథను బొమ్మలతో ముందు ఊహింపజేసి, తర్వాత చదివించే పద్ధతి ఒకటి ఉంది. మా ఆయన దాన్ని నిజంగా మెలకువగా ఉండి చూశాడు. తండా నుంచి వచ్చే పిల్లల దగ్గర చేసి చూశాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పాప రెండో నెలలో తెలుగు కథను తనే మొదలుపెట్టి చెప్పింది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినకుండా ఆ సంగతే చెప్పాడు. ఆ మాడ్యూల్‌కూ సర్టిఫికెట్ ఒకటే, నిద్రలో నడిచినదానికీ సర్టిఫికెట్ ఒకటే. ఆఫీసు అడిగేది సర్టిఫికెట్ల సంఖ్య. పాప సంగతి రాయడానికి ఫార్మాట్‌లో గడి లేదు.

టీచర్ల సంగతి ఇక్కడ ఆపుతాను, వాళ్లకు సంఘాలున్నాయి. లైబ్రేరియన్లకు ఆ గడులు కూడా లేవు. ఒక శిక్షణ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటుంటే హోదా ఎంచుకోమంది. టీచర్ ఉంది, హెడ్మాస్టర్ ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. లైబ్రేరియన్ లేదు. పైకీ కిందికీ మూడుసార్లు జరిపి, చివరికి "ఇతరులు" నొక్కాను. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత నా హోదా అది సార్.

మాకు శిక్షణ అసలు రాలేదని అనను, అబద్ధమవుతుంది. ఒకసారి వచ్చింది. డిజిటల్ లైబ్రరీ మీద ఆన్‌లైన్ శిక్షణ, సాయంత్రం 4 గంటలకు, కెమెరా ఆన్‌లో ఉండాలి, హాజరుకు స్క్రీన్‌షాట్ పంపాలి అని వాట్సాప్‌లో మెసేజ్. మా లైబ్రరీ తెరిచేది ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఈ వేళలు పెట్టింది మనమే. ఫోన్‌ను పేపర్ స్టాండుకు ఆనించి కూర్చున్నాను. రోజూ వచ్చే ఒక పెద్దాయన, రిటైరైన పోస్ట్‌మన్, వచ్చి "ఏందమ్మా, ఇయ్యాల పేపర్ ఫోన్ కింద పెట్టినవు?" అని గట్టిగా అడిగాడు. అది శిక్షణలో ఉన్నవాళ్లందరికీ వినపడింది. "మేడమ్, మ్యూట్ చేసుకోండి" అన్నారు చెప్పేవారు. చేసుకున్నాను. తర్వాత ఆ శిక్షణ చెప్పేవారే అన్నారు, "ఇప్పుడు అందరూ మీ సిస్టమ్ ఓపెన్ చేసి నాతోపాటు క్లిక్ చేయండి."

నా సిస్టమ్ నా పక్కనే ఉంది సార్. అట్టపెట్టెలో ఉంది. మూడేళ్ల కింద కంప్యూటర్, ప్రింటర్, యూపీఎస్ పంపారు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి సంతకం పెట్టాను. నెట్ కనెక్షన్‌కు ప్రతిపాదన పంపమన్నారు, పంపాను. నెలనెలా బిల్లు ఏ పద్దు కింద కట్టాలో స్పష్టత లేదన్నారు. స్పష్టత కోసం రాశాను, అదే నా రెండో వినతిపత్రం. వారంటీ పెట్టెలోనే అయిపోయింది. ఇప్పుడు ఆ పెట్టె మీద పాత పేపర్లు పేరుస్తున్నాం, ఎత్తు సరిగ్గా సరిపోయింది.

నెట్ లేకపోతే ఏం, తపన ఉంది కదా అనుకుని నేనే మొదలుపెట్టాను. పుస్తకాల జాబితాను కంప్యూటర్లో పెట్టడానికి కోహా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2000లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు వాళ్లు చేయించుకుని, ఎవరైనా వాడుకోండని లోకం మీదికి వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేర్ కూడా ప్రభుత్వ లైబ్రరీలకు ఉచితమే. రాత్రిళ్లు అదే వాటర్ ట్యాంకు పక్కన వీడియోలు చూశాను. గ్రూప్స్‌కు చదువుకోవడానికి మా దగ్గరికి వచ్చే ఒక బీటెక్ పిల్లగాడు మా ఇంటి పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి కోహా పెట్టి ఇచ్చాడు. ఫీజు అడిగితే "టీ తాగించండి మేడం" అన్నాడు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. వీడియోల్లో అన్నీ ఇంగ్లిష్ పుస్తకాలే. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు నంబరు, కొడితే వివరాలన్నీ ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటాయి. మా దగ్గర పదకొండు వేల పుస్తకాల్లో ఎక్కువ వాటికి ఆ నంబరే లేదు. ప్రతిదీ చేత్తో కొట్టాలి. సరే, కొడదామంటే రచయిత పేరు దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, మధ్యలో కామా అంటుంది. మన దగ్గర ఇంటిపేరు ముందే ఉంటుంది కదా. మన పాలమూరు మనిషి, గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారినే తీసుకోండి. ఒక పుస్తకం అట్ట మీద "సురవరం ప్రతాపరెడ్డి", ఇంకోదాని మీద "సురవరము ప్రతాపరెడ్డి", మరోచోట "ఎస్. ప్రతాపరెడ్డి". కంప్యూటర్ దృష్టిలో ఆయన ముగ్గురు. ఒకరిని వెతికితే మిగతా ఇద్దరి పుస్తకాలు రావు. నల్గొండ అని వెతికితే నల్లగొండ రాదు. పుస్తకాలను విషయాల వారీగా సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి నంబరు 894.827 అని నిద్రలో లేపినా చెబుతాను. ఈ ముగ్గురు సురవరాలను ఒక్కరిని ఎలా చేయాలో చెప్పేవాళ్లు మాత్రం నాకు ఏ ఉచిత వీడియోలోనూ దొరకలేదు. దానికి పద్ధతి ఉందట, పేర్లకు ఒక ప్రామాణిక జాబితా పెట్టుకోవాలట. అది తెలుగులో ఎవరు తయారుచేయాలి? మండల లైబ్రేరియన్ ఒక్కతే మేడ మీద కూర్చుని తయారుచేయాలా?

అయినా 412 పుస్తకాలు ఎక్కించాను. సంబరంగా మా పై ఆఫీసుకు వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. అక్కడి సారు స్క్రీన్ వైపు ఒక చూపు చూసి, "ఎవరి పర్మిషన్‌తో చేశారు?" అన్నారు. సొంత ల్యాప్‌టాప్‌లో ప్రభుత్వ పుస్తకాల వివరాలు ఉంచుకోకూడదట. రాతపూర్వకంగా మెమో ఇవ్వలేదు, అది ఆయన మంచితనం. తిరుగు బస్సులో డిండి దాటేదాకా ల్యాప్‌టాప్ బ్యాగును ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 413వ పుస్తకం ఇప్పటికీ ఎక్కలేదు.

ఇదంతా నా ముచ్చట కోసం కాదు సార్. పొద్దున తాళం తీయకముందే మెట్ల మీద పిల్లలు కూర్చుని ఉంటారు. చుట్టుపక్కల తండాల నుంచి, చందంపేట వైపు నుంచి డీఎస్సీకి, గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదువుకోవడానికి వస్తారు. పుస్తకాలు వాళ్లవే, టిఫిన్ డబ్బా వాళ్లదే, మేం ఇచ్చేది కుర్చీ, ఫ్యాను. "మేడం, టీ-శాట్‌లో ఫలానా పాఠం ఎక్కడుంది? పాత ప్రశ్నపత్రాలు డిజిటల్ లైబ్రరీలో దొరుకుతయా?" అని అడుగుతారు. టీ-శాట్ అంటే రాష్ట్ర ప్రభుత్వం నడిపే పాఠాల చానల్. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు నడిపే ఆ నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎలా వెతకాలో నా ఫోన్‌లోనే చూపిస్తాను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కట్టే ఇంటి పిల్లలు వాళ్లు. ఆ పైసలు వసూలయ్యాక ఎక్కడ ఆగుతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. నెట్ బిల్లుకు పద్దు దొరకలేదంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

1931లో నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల రెండో ఆంధ్ర మహాసభ మా దేవరకొండలోనే జరిగిందని, తర్వాత హైదరాబాద్ ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షత వహించారని, నిజాం కాలంలో లైబ్రరీ పెట్టడమే ఒక ఉద్యమమని వారోత్సవాల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు గొంతు పెంచి చెబుతారు. చప్పట్లు కూడా అయ్యాక మైకు సెట్టు అద్దె ఎవరివ్వాలని నన్నే అడుగుతారు. సరే, అది వేరే కథ.

కాబట్టి అడిగేది ఏమిటంటే, ఆ నెట్ ఇప్పించండి. దాని బిల్లుకు ఒక పద్దు చెప్పండి. నెలకు ఒక్క రోజు, ఆన్ డ్యూటీ మీద, మమ్మల్ని ఒక చోట కూర్చోబెట్టి తెలుగు పుస్తకాలతో, తెలుగు పేర్లతో నేర్పించండి. టీచర్లకైతే ఆ 50 గంటలను బడి గంటల్లో లెక్కగట్టండి, కాదంటే డేటా రీచార్జి అయినా ఇవ్వండి. పోర్టల్‌లో మా పేరు పెట్టండి, ఎక్కడో కింద పెట్టినా సంతోషమే. సొంతంగా నేర్చుకున్నవాళ్లను పర్మిషన్ అడగకండి. అన్నీ కుదరకపోతే ఆ నెట్ ఒక్కటి ఇప్పించండి సార్. అది కూడా కుదరకపోతే కుదరదని అయినా రాయండి, ఆ పెట్టెను స్టాక్‌లోంచి కొట్టేసి పేపర్లకు ఒక బల్ల కొనుక్కుంటాను.

జవాబు ఈమెయిల్‌లో పంపవద్దని మనవి, తెరవడానికి మళ్లీ మేడ ఎక్కాలి. పోస్టులో పంపండి. శుక్రవారం మాకు సెలవు, మిగతా ఏ రోజైనా అందుతుంది.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్ (హోదా: ఇతరులు)
దేవరకొండ ప్రాంతం