విదేశాల్లోని మా కస్టమర్లకు తేదీల గురించి ఒక మనవి

హన్మకొండలోని మా పిండివంటల దుకాణం నుంచి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలకు సకినాలు, గరిజెలు, పచ్చళ్లు తెప్పించుకుంటున్న వారందరికీ నమస్కారం. ఇకపై మా డబ్బాల మీదా బిల్లుల మీదా నెలను అంకెతో కాక పేరుతోనే ముద్రిస్తాము.

ఇందుకు కారణం ఉంది. డాలస్‌లో ఉండే ఒక కస్టమర్ జూన్ మధ్యలో సకినాల డబ్బా అందుకుని, ప్యాకింగ్ తేదీ 05/06/2025 అని ఉండటం చూసి, అక్కడి అలవాటు ప్రకారం దాన్ని మే 6 అనుకున్నారు; నెల దాటిన సరుకు పంపామని నొచ్చుకుని మొత్తం పారేశారు. నిజానికి అవి జూన్ 5న కట్టినవి. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద ఒక్కొక్క చుట్టూ వేళ్లతో తిప్పి, తడి ఆరాక నూనెలో వేసే మా ఆడవాళ్లకు ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. మన దగ్గర, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో రోజు ముందు రాస్తారు, అమెరికాలో నెల ముందు రాస్తారు, కెనడాలో రెండు పద్ధతులూ ఉన్నాయి. 13వ తేదీ నుంచి ఏది రోజో చూడగానే తెలుస్తుంది గానీ, మొదటి పన్నెండు తేదీలతోనే చిక్కు. 06/06 వంటివి తీసేసినా ఏడాదిలో 132 తేదీలను రెండు రకాలుగా చదవవచ్చు, రెండూ సరైన తేదీల్లాగే ఉంటాయి కనుక చదివేవారికి అనుమానమే రాదు.

సంవత్సరం, నెల, రోజు అనే వరుసను తేదీలు రాసే తీరుకు సంబంధించిన ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988లోనే సూచించింది. కంప్యూటర్‌లో మా స్టాకు లెక్కలు అలాగే ఉంటాయి, ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. అయితే డబ్బా చేతికి తీసుకునే పెద్దవారికి నెల పేరు చదవడమే తేలిక అని నా అభిప్రాయం.

ఆర్డర్ పంపేటప్పుడు మీరూ నెల పేరు రాయండి. బతుకమ్మ, దసరా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వస్తాయి కాబట్టి, 09/10 అని మాత్రమే రాస్తే సరుకు మీకు సెప్టెంబరు 10కి కావాలో అక్టోబరు 9కి కావాలో మాకు తెలియదు; పండుగ దాటాక అందిన పిండివంటల వల్ల ఎవరికీ సంతోషం ఉండదు. ఇప్పటికే అంకెలతో వచ్చిన ఆర్డర్లకు మీ సాయంత్రం వేళ మేమే ఫోన్ చేసి అడుగుతాము, మీరు తేదీ ఖాయం చేశాకే పిండి కలుపుతాము.