ఆ ఎకో టెక్నీషియన్‌కు కృతజ్ఞతలు

పేరు తెలియదు గానీ, మీకు మా నమస్కారాలు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ గుండెను బలహీనపరచొచ్చు కాబట్టి, అది వాడేవాళ్లకు 3 నెలలకోసారి తీసే ఎకో (గుండె స్కానింగ్) అది. ఈఎఫ్, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో బయటికి పంపే వాటా, 58 శాతం. అది చూసి చాలామంది ‘నార్మల్’ అని రాసేస్తారు. మీరు స్ట్రెయిన్ కూడా, అంటే గుండె కండరం ఎంత కుంచించుకుంటోందో కూడా కొలిచారు (మైనస్ గుర్తు కుంచించుకోవడాన్నే చెబుతుంది). చికిత్సకు ముందు మైనస్ 20 ఉన్నది మైనస్ 16కి పడిపోయింది, అంటే 20 శాతం తగ్గుదల. తగ్గుదల 15 శాతం దాటితేనే జాగ్రత్తపడాలి. పాత రిపోర్టు తెప్పించుకుని అదే కంపెనీ మెషీన్ మీద తీశారు. మెషీన్ మారితే అంకెలు పోల్చలేం. బీపీ పెరిగినా స్ట్రెయిన్ తగ్గుతుంది కాబట్టి అదీ చూసి రాశారు. ఊపిరి బిగబట్టించి, గుండె కొన పూర్తిగా కనిపించేదాకా మూడు వ్యూలూ మళ్లీ మళ్లీ తీసిన ఆ ఓపికకు ఎంత చెప్పినా తక్కువే. గుండె మందులు వెంటనే మొదలయ్యాయి, క్యాన్సర్ ఇంజెక్షన్ ఆపాల్సిన పని పడలేదు.