డాలస్ ప్రయాణం 16 గంటలు కాదు, 32

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టులో చదువులకు పిల్లలు అమెరికా బయల్దేరే రోజుల్లో, రాజమండ్రి నుంచి డాలస్ 14,450 కిలోమీటర్లు, 16 గంటలు అనే మాట కోనసీమలో తరచూ వినిపిస్తుంది. దూరం సరైనదే. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే 16 గంటలే వస్తుంది. అయితే ఆ దారిన వెళ్లే విమానం లేదు.

అది గ్లోబు మీద దారం పెట్టి కొలిచే దూరం. కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖకు భూమి అవతల సరిగ్గా ఎదురుపడేది 97.5 డిగ్రీల పశ్చిమ రేఖ. డాలస్ దానికి ఆనుకునే ఉంది. అందుకే అతి దగ్గరి దారి పడమటికి కాక నేరుగా ఉత్తరానికి పోతుంది: నేపాల్, టిబెట్, సైబీరియా, ఉత్తర ధ్రువం, కెనడా. టిబెట్ మీద క్యాబిన్‌లో పీడనం పడిపోతే విమానం ఊపిరాడే ఎత్తుకు, అంటే 10,000 అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు. రష్యా గగనతలమేమో 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థలకు మూతపడింది.

కాబట్టి దుబాయ్ మీదుగా లెక్క వేయండి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్ 360, అక్కణ్నుంచి దుబాయ్ 2,550, అక్కణ్నుంచి డాలస్ 12,920. మొత్తం సుమారు 15,830 కిలోమీటర్లు. గాలిలో గడిచేది 1, 4, 16 కలిపి 21 గంటలు. విమానం మారడానికి శంషాబాద్‌లో 4, దుబాయ్‌లో 3, మధురపూడిలో ముందుగా చేరినందుకు 2, అమలాపురం నుంచి రావులపాలెం, జొన్నాడ మీదుగా కారులో 2 కలిపితే 32. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనకనుంచి తోస్తాయి కనుక డాలస్–దుబాయ్ విమానానికి గంట పైనే తగ్గుతుంది.

టికెట్ మీద వేసే వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4.30, డాలస్‌లో అదే తేదీ సాయంత్రం 4.30 అని ఉంటే 12 గంటలనుకుంటారు. డాలస్ గడియారం మనకంటే వెనక నడుస్తుంది కనుక, దానికి నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదకొండున్నర గంటలు, మిగతా రోజుల్లో పదిన్నర గంటలు కలపాలి.

అసలు దెబ్బ తగిలేది టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు. కాస్త చౌకని మధురపూడి టికెట్ వేరే పీఎన్నార్‌లో, అంటే వేరే బుకింగ్ నంబరు మీద తీసుకుంటారు. అమెరికా టికెట్‌కు 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తే, దేశీయ టికెట్‌కు మామూలుగా 15 కిలోలే. మిగతా 31 కిలోలకు మధురపూడి కౌంటర్ దగ్గరే కిలోల చొప్పున కట్టాలి. శంషాబాద్‌లో బెల్టు మీద పెట్టెలు దించుకుని మళ్లీ చెకిన్ చేయించాలి. జనవరి మంచుకు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఆ సంస్థకు బాధ్యత ఉండదు. డబ్బు పోయినట్టే. ఒకే పీఎన్నార్ అయితే తర్వాతి విమానం ఎక్కించాల్సింది వాళ్లే. అది కుదరకపోతే నడుమ కనీసం 6 గంటలు ఉంచుకోండి. లేదంటే ముందు రాత్రి గౌతమి రైలెక్కి హైదరాబాద్ చేరి, మర్నాటి రాత్రి విమానానికి వెళ్లండి.

పత్రికలో కొత్త విమాన సర్వీసుల వార్త వేసేటప్పుడు దూరంతో పాటు మజిలీల నిడివి, రెండు ఊళ్ల వేళల తేడా కూడా వేయమని మనవి.

— విమాన టికెట్ల పని తెలిసిన పాఠకుడు, అమలాపురం