మేనేజ్‌మెంట్ పరిశోధనకు సొంత ప్రశ్నలేవి?

సంపాదకులకు నమస్కారం.

వర్ధమాన దేశాల్లో మేనేజ్‌మెంట్ విద్య చాలావరకు అమెరికా విశ్వవిద్యాలయాల అండతో వేళ్లూనుకుంది. 1961లో అహ్మదాబాద్ ఐఐఎంకు, 1964లో మధ్య అమెరికాలోని ఇన్‌కే (INCAE) అనే బిజినెస్ స్కూలుకు హార్వర్డ్ తోడ్పడింది. పాఠాలతోపాటు పరిశోధన ప్రశ్నలూ అక్కడినుంచే దిగుమతి అయ్యాయన్నది నా అభిప్రాయం. అధ్యాపకుల పదోన్నతులు విదేశీ జర్నళ్లలో అచ్చయ్యే వ్యాసాలపై ఆధారపడినంతకాలం, కుటుంబ వ్యాపారాలు, సహకార సంఘాలు, రిజిస్ట్రేషన్ లేని చిన్న యూనిట్లు పెద్ద కార్పొరేషన్ల కోసం పుట్టిన సిద్ధాంతాలను సరిచూసుకునే నమూనాలుగానే మిగులుతాయి. ఇందుకు భిన్నంగా, 2011లో ఏర్పడిన పరిశోధకుల సంఘం ఆఫ్రికా అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ 2015లో సొంత జర్నల్ మొదలుపెట్టింది. ఇటువంటి పత్రికలకూ, స్థానిక భాషల్లో రాసే కేస్ స్టడీలకూ (ఒక్కో సంస్థ అనుభవంపై రాసే అధ్యయనాలు) పదోన్నతి నిబంధనల్లో సమాన విలువ ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

— ఒక మేనేజ్‌మెంట్ అధ్యాపకుడు