మా మెయిళ్లు మీకు ఎందుకు అందలేదు, ఇప్పుడు ఏం మార్చాము

మా మంగళగిరి చేనేత దుకాణం వెబ్‌సైట్‌లో ఆర్డరు పెట్టిన కొందరికి ఇటీవల రసీదు గానీ, పార్శిల్ ట్రాకింగ్ వివరాలు గానీ మెయిల్‌లో చేరలేదు. డబ్బు చెల్లించాక దుకాణం నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ముఖ్యంగా ఎక్కడో దూరాన ఉండి మా దగ్గర తొలిసారి కొన్నవారికి, ఇది మోసమేమోనన్న అనుమానం రావడం సహజం. అందుకే జరిగింది జరిగినట్టు, సాంకేతిక వివరాలతో సహా ఇక్కడ రాస్తున్నాము. ఆ ఆర్డర్లన్నీ మాకు సక్రమంగానే అందాయి, చీరలు బయలుదేరాయి. ఆగిపోయినవి మెయిళ్లు మాత్రమే.

తిరిగివచ్చిన మెయిళ్లను చదివితే, వాటిలో 550 అనే తిరస్కరణ సంఖ్యతో పాటు, పంపిన సర్వరు (మెయిళ్లు పంపే కంప్యూటరు) బ్లాక్‌లిస్టులో, అంటే స్పామ్ (అడగని మెయిళ్లు) పంపేవారి నిషేధ జాబితాలో, ఉన్నందున స్వీకరించడం లేదన్న వాక్యం కనిపించింది. దాంతో మా డొమైన్ పేరు, అంటే మా వెబ్‌సైట్ పేరు, ఇలాంటి స్పామ్ జాబితాల్లో ఉందా లేదా అన్నది ముందుగా పరిశీలించాము. ఇలాంటి జాబితా ఒక్కటే కాదు, అన్నీ ఒకే విషయాన్ని చూడవు కూడా. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ సంస్థ మెయిలు పంపే సర్వర్ల ఐపీ చిరునామాలకు (ఇంటర్నెట్‌లో సర్వరును గుర్తించే అంకెలకు) కొన్ని జాబితాలను, డొమైన్ పేర్లకు డీబీఎల్ అనే మరో జాబితాను విడిగా నడుపుతుంది. ఎస్‌యూఆర్‌బీఎల్ అనే జాబితా మెయిలు లోపల ఉన్న లింకుల డొమైన్లకు సంబంధించినది. కాబట్టి ఏ మచ్చా లేని సర్వరు నుంచి వెళ్లిన మెయిలైనా, అందులో ఇచ్చిన వెబ్‌సైట్ పేరు జాబితాకు ఎక్కి ఉంటే ఆగిపోవచ్చు. పేరు శుభ్రంగా ఉన్నా, పంపిన సర్వరు చిరునామా కారణంగానూ ఆగిపోవచ్చు.

పరిశీలించే పద్ధతి సులువైనదే. వెబ్‌సైట్ చిరునామాను వెతికే డీఎన్‌ఎస్ వ్యవస్థనే ఇందుకూ వాడుతారు. సర్వరు ఐపీ 192.0.2.10 అనుకుంటే దానిని 10.2.0.192 అని తిరగేసి, చివర జాబితా పేరు చేర్చి అడగాలి. డొమైన్ అయితే తిరగేయకుండా ఉన్నదున్నట్టు చేర్చాలి. అలాంటి పేరే లేదని జవాబు వస్తే జాబితాలో లేనట్టు, 127.0.0.2 వంటి అంకె వస్తే ఉన్నట్టు. అయితే ఇక్కడ చాలామందిని కంగారుపెట్టే ఒక చిక్కు ఉంది. గూగుల్ వంటి సంస్థలు అందరికీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అని జవాబిస్తుంది. ఆ దారిలో వచ్చే ప్రశ్నలకు తాము జవాబివ్వమని దాని అర్థమే తప్ప, మనం జాబితాలో ఉన్నామని కాదు. మాకు మొదట వచ్చిన జవాబు ఇదే. అందువల్ల ఆ సంస్థ సొంత పేజీలో మళ్లీ వెతికి, ఆ ఫలితాన్నే లెక్కలోకి తీసుకున్నాము. చిన్న వ్యాపారం నడుపుతున్న ఇతరులకు కూడా ఇదే మా సలహా.

తేలిందేమిటంటే, మా డొమైన్ పేరు డీబీఎల్‌లో గానీ ఎస్‌యూఆర్‌బీఎల్‌లో గానీ లేదు. మా మెయిళ్లు బయలుదేరే సర్వరు ఐపీ మాత్రం జాబితాలో ఉంది. ఒకే సర్వరును పలు వెబ్‌సైట్లు పంచుకునే, తక్కువ అద్దెకు దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో ఎన్నో వెబ్‌సైట్లకు ఒకే ఐపీ ఉంటుంది. అపార్ట్‌మెంటులో ఒక ఇంటివారి గొడవకు గేటు దగ్గర అందరినీ ఆపినట్టు, అదే సర్వరులోని మరో వెబ్‌సైట్ నుంచి వెళ్లిన స్పామ్ వల్ల మా రసీదులూ ఆగాయి. హోస్టింగ్ సంస్థకు తెలియజేస్తే వారు ఆ ఐపీని జాబితా నుంచి తీయించారు, కానీ కొద్ది రోజులకే అది మళ్లీ జాబితాకెక్కింది. మూలకారణాన్ని తొలగించకుండా పేరు తీయించుకున్నందువల్ల లాభం లేదని మాకు అప్పుడే అర్థమైంది. ఈ సందర్భంలో మరొకటి చెప్పాలి: పేరు తొలగించడానికి స్పామ్‌హౌస్ డబ్బు తీసుకోదు. డబ్బిస్తే తీయిస్తామని ఎవరైనా మధ్యలో వస్తే వారిని నమ్మవద్దు.

స్పామ్ మా వెబ్‌సైట్ నుంచే, ఎవరైనా చొరబడినందువల్ల వెళ్లిందేమోనన్న సందేహాన్ని కూడా మేము తేలికగా తీసుకోలేదు. ఫైళ్లను, మమ్మల్ని సంప్రదించడానికి ఉన్న ఫారాన్ని, ఏ మెయిలు ఎప్పుడు వెళ్లిందో నమోదయ్యే మెయిలు లాగ్‌లను సాంకేతిక నిపుణుడి చేత పరిశీలింపజేసి, పాస్‌వర్డులన్నీ మార్చాము. చొరబాటు జాడలేవీ దొరకలేదు. మీ కార్డు నంబర్లు మా దగ్గర ఉండవు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు వివరాలను దాచుకోకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

ఇప్పుడు రసీదులు, ట్రాకింగ్ మెయిళ్లు హోస్టింగ్ సర్వరు నుంచి కాక, మెయిలు పంపడానికే ఉన్న వేరే సేవ ద్వారా వెళ్తున్నాయి. మా పేరుతో మెయిలు పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్, మెయిలు దారిలో మారలేదని సంతకంతో రుజువు చేసే డీకిమ్, ఈ రెండూ విఫలమైతే ఏం చేయాలో తెలిపే డీమార్క్ అమర్చాము. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. మేము పంపేవి అందులో ఏ మూలకూ రావు, అయినా మా పేరుతో మరొకరు దొంగ మెయిలు పంపకుండా ఇవి కొంత కాపాడతాయి గనుక అమర్చడమే మేలనుకున్నాము. పండుగ తగ్గింపుల మెయిళ్లను ఇకపై వేరే ఉపడొమైన్ (మా డొమైన్ పేరుకు ముందు మరో మాట చేర్చిన చిరునామా) నుంచి పంపుతాము. వాటిని ఎవరైనా విసుగుతో స్పామ్ అని నొక్కినా, రసీదులపై ఆ ప్రభావం తక్కువగా ఉంటుంది.

సమస్య పూర్తిగా తీరిందని మాత్రం చెప్పలేము. ఏ బ్లాక్‌లిస్టులోనూ లేకపోయినా, ప్రతి మెయిలు సంస్థా పంపేవారి గురించి తనదైన అంచనా వేసుకుంటుంది. బ్లాక్‌లిస్టుల పరిశీలనలో అది బయటపడదు, కొత్త సర్వరుకు మంచిపేరు రావడానికి సమయం పడుతుంది. అవుట్‌లుక్, హాట్‌మెయిల్ వాడే కొందరికి మా మెయిళ్లు ఇప్పటికీ జంక్ ఫోల్డరుకే వెళ్తున్నాయి. అక్కడ కనిపిస్తే, అది స్పామ్ కాదని గుర్తుపెట్టవలసిందిగా మనవి. ఈ ఇబ్బంది తీరేవరకు ప్రతి ఆర్డరు వివరాలను వాట్సాప్‌లో కూడా పంపుతాము. ఆ సందేశాల్లో ఓటీపీ గానీ, అదనపు చెల్లింపు గానీ ఎన్నడూ అడగము.

మెయిలు రాక, జవాబు లేదనుకుని ఆర్డరు రద్దు చేసుకున్నవారికి పూర్తి సొమ్ము తిరిగి పంపాము. చీర మార్చుకోవడం గురించి మీరు రాసిన మెయిలుకు మేమిచ్చిన జవాబు చేరక గడువు దాటిపోయి ఉంటే, ఆ గడువును లెక్కించము. ఆర్డరు నంబరుతో వాట్సాప్‌లో తెలియజేస్తే చాలు, రానూపోనూ కొరియర్ ఖర్చు మేమే భరిస్తాము.