ఏ ఎలుకలో తగ్గిందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

‘ఎలుకల్లో మాయమైన క్లోమ క్యాన్సర్’ లాంటి శీర్షికలు ఆరోగ్యం పేజీల్లో తరచూ వస్తున్నాయి. వార్త అబద్ధమని అనడం లేదు. కానీ అది ఏ రకం ఎలుకో, కణితి ఒంట్లో ఎక్కడ పెరిగిందో, మందు ఎప్పుడు మొదలుపెట్టారో చెప్పకపోతే ఆ వార్తకు విలువ లేదు. ఆశతో ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే కుటుంబాలకు అది కీడే చేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా సులువైన పద్ధతి, మనిషి కణితి కణాలను చిట్టెలుక డొక్క దగ్గర చర్మం కింద ఎక్కించడం. కణితి పైకే కనిపిస్తుంది. కాలిపర్‌తో కొలిచి, వెడల్పు వర్గాన్ని పొడవుతో హెచ్చవేసి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం వచ్చేస్తుంది. అయితే మనిషి కణాలను ఎలుక శరీరం తిప్పికొట్టకుండా ఉండాలంటే దానికి రోగనిరోధక శక్తి ఉండకూడదు. అందుకే రోగనిరోధక కణాల్లో టీ కణాలు లేని న్యూడ్ ఎలుకలనో, టీ, బీ, ఎన్‌కే కణాలు మూడూ లేని ఎన్‌ఎస్‌జీ ఎలుకలనో వాడతారు. రోగనిరోధక వ్యవస్థ మీద ఆధారపడే మందును వీటిలో పరీక్షించి ప్రయోజనం లేదు. పైగా చర్మం కింద పెరిగే కణితికి రక్తనాళాలు బాగానే ఉంటాయి, కాబట్టి మందు లోపలికి చేరుతుంది. రోగి క్లోమంలోని కణితి అలా ఉండదు. అందులో చాలా భాగం గట్టి పీచు కణజాలమే, రక్తనాళాలు తక్కువ, ఉన్నవీ నొక్కుకుపోయి ఉంటాయి. జెమ్‌సైటబీన్ అనే కీమోథెరపీ మందు మొదటి రకం ఎలుకల్లో బాగా పనిచేసి, రోగుల్లో నిరాశపరచడానికి ఇదొక ప్రధాన కారణం.

కణాలను నేరుగా క్లోమంలోకే ఎక్కించడం ఇంతకంటే మేలైన పద్ధతి. మత్తు ఇచ్చి, ఎడమవైపు పక్కటెముకల కింద సుమారు సెంటీమీటరు గాటు పెట్టి, ప్లీహాన్ని మెల్లగా పైకి తీస్తే దాన్ని అంటుకుని క్లోమం తోకభాగం వస్తుంది. మ్యాట్రిజెల్ అనే జెల్‌లో కలిపిన కణాలను 20 నుంచి 50 మైక్రోలీటర్ల వరకు, ఇన్సులిన్ సిరంజి లాంటి సన్నని సూదితో, తొందరపడకుండా ఎక్కించాలి. గ్రంథిలో చిన్న బుడగ ఉబ్బితే సూది సరిగ్గా పడినట్టు. ఉబ్బలేదంటే ద్రవం బయటికి కారిపోతోందన్నమాట. ఎక్కించాక సూదిని అర నిమిషం అలాగే ఉంచి, తీసేటప్పుడు దూదిపుల్లతో అద్దిపట్టాలి. మ్యాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి సిరంజి, సూది, గొట్టం అన్నీ ముందే ఐసులో ఉండాలి. లేదంటే ఒక్కో ఎలుకకు ఒక్కో లెక్కలో కణాలు వెళ్తాయి.

కారిన కణాలే అసలు ప్రమాదం. అవి పొట్ట లోపలి పొరకు అంటుకుని, కొన్ని వారాల్లో ఎక్కడపడితే అక్కడ బుడిపెలవుతాయి. చూసేవారికి అది క్యాన్సర్ పాకినట్టే ఉంటుంది, నిజానికి సూది దగ్గర ఒలికినది. మందు ఇచ్చిన గుంపులో ఒలుకుడు తక్కువైతే చాలు, ‘వ్యాప్తిని ఆపిన మందు’ తయారవుతుంది! అందుకే వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ అనే ప్రోటీన్ ఉన్న కణాలు వాడి, శస్త్రచికిత్స అయిన ఒకటి రెండు రోజుల్లో వెలుగు ఎక్కడుందో చూసి, ఒలికిన ఎలుకలను తీసేసి, ఆ తర్వాతే గుంపులుగా విడదీయాలి. ఎలుక కణాలను ఎక్కించేటప్పుడు జాతి కూడా కలవాలి. బ్లాక్ 6 జాతి కణాలను వేరే జాతిలో పెడితే శరీరమే వాటిని తిప్పికొడుతుంది, ఘనత మందుకు పోతుంది. లూసిఫెరేజ్ కూడా ఎలుకకు పరాయి ప్రోటీనే కనుక, రోగనిరోధక శక్తి ఉన్న ఎలుకల్లో దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

కణితి దానంతట అదే పుట్టే కేపీసీ ఎలుక 2005లో వచ్చింది. పది మంది రోగుల్లో తొమ్మిది మందికి పైగా కనిపించే కేరాస్ జన్యు మార్పు, దానితోపాటు కణితులను అడ్డుకునే పీ53 జన్యువులో మార్పు, క్రే అనే మూడో జన్యువు సాయంతో క్లోమంలో మాత్రమే మేల్కొనేలా దీన్ని రూపొందించారు. పీచు కణజాలంతో సహా రోగి కణితిని బాగా పోలి ఉంటుంది. ఇబ్బందులూ ఉన్నాయి. మామూలు సంకరణంలో ఎనిమిది పిల్లల్లో సగటున ఒక్కటే మూడు జన్యువులతోనూ పుడుతుంది, ప్రతి పిల్లకూ పీసీఆర్ జన్యు పరీక్ష చేయాల్సిందే. సగటు ఆయుష్షు సుమారు ఐదు నెలలే అయినా, కణితి ఒకదానికి రెండో నెలలో, మరొకదానికి ఆరో నెలలో వస్తుంది. కాబట్టి వయసు చూసి మందు మొదలుపెట్టడం తప్పు. అల్ట్రాసౌండ్‌లో కణితి నిర్ణీత పరిమాణానికి వచ్చాకే మొదలుపెట్టాలి. కణితి కనబడకముందే మందిచ్చి ‘నయమైంది’ అనడం చికిత్స కాదు, నివారణ.

కేపీసీ కూడా తప్పుదారి పట్టించగలదు. హెడ్జ్‌హాగ్ అనే కణ సంకేతాన్ని అడ్డుకుని పీచు కణజాలాన్ని తగ్గించే మందు ఇస్తే జెమ్‌సైటబీన్ కణితిలోకి బాగా చేరుతోందని, ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతున్నాయని 2009లో తేలింది. రోగుల్లో ఆ జోడీ పరిస్థితిని ఇంకా దిగజార్చడంతో 2012లో ఆ ప్రయోగం ఆపేశారు. 2014లో మళ్లీ ఎలుకల్లోనే కారణం దొరికింది. ఆ పీచు కణజాలం కణితిని కొంత కట్టడి కూడా చేస్తోందట. జన్యుపరంగా దాన్ని తగ్గించిన ఎలుకల్లో కణితులు మరింత ఉగ్రంగా మారాయి. జంతువుల మీద ప్రయోగాలే వద్దనే వారు ఈ ఉదంతం రెండో సగాన్ని కూడా గమనించాలి. రోగి కణాలతో ప్రయోగశాలలో పెంచే చిన్న కణజాల ముద్దలు, అంటే ఆర్గనాయిడ్లు, మందులను ముందుగా వడకట్టడానికి ఎంతో ఉపయోగపడుతున్నాయి, ఎలుకల సంఖ్యనూ తగ్గిస్తున్నాయి. కానీ వాటిలో రక్తనాళాలు ఉండవు, కాబట్టి ఇలాంటి ప్రశ్నకు జవాబు ఇవ్వలేవు.

మోతాదు సంగతి మీ విలేకరులు తప్పక తెలుసుకోవాలి. ఎలుకకు కిలోకు 100 మిల్లీగ్రాములు ఇచ్చారంటే 60 కిలోల మనిషికి 6000 మిల్లీగ్రాములు అని కాదు. ఒంటి ఉపరితల లెక్కన 12.3తో భాగించాలి. అంటే కిలోకు సుమారు 8, మొత్తం 490 దాకా. ఇదీ తొలి అంచనా మాత్రమే. అలాగే ‘ఇన్ని రోజులు బతికింది’ అన్నచోట తరచూ అర్థం వేరు. బరువు 20 శాతం తగ్గినా, పొట్టలో నీరు చేరినా, కామెర్లు వచ్చినా బాధ పడనీయకుండా ఎలుకను నొప్పి లేకుండా చంపేయాలన్నది నియమం. ఆ నిర్ణయం తీసుకునే వ్యక్తికి ఏ ఎలుకకు మందు అందిందో తెలిసి ఉంటే, ఆ రోజుల లెక్కను నమ్మలేం.

అందుకని, ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎలుక రకం, కణితి చోటు, మందు మొదలుపెట్టినప్పటి కణితి పరిమాణం, ఒక్కో గుంపులోని ఎలుకల సంఖ్య ఒక్క వాక్యంలో ఇవ్వండి. ఇవన్నీ మూల పరిశోధన పత్రంలోని పద్ధతుల విభాగంలో ఉంటాయి. అక్కడ దొరక్కపోతే ఆ మాటే వార్తలో రాయండి.

భవదీయ,
ఒక క్యాన్సర్ పరిశోధకురాలు