అడుగు లేని తొడుగుకు ‘సంపూర్ణ రక్షణ’ అని పేరు: పరుపు తొడుగుల సంస్థకు ఫిర్యాదు

కాకినాడ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘అలర్జీ నుంచి సంపూర్ణ రక్షణ’ అని ప్రకటించి అమ్మిన పరుపు తొడుగు సెట్టు గురించి. సొమ్ము వాపసు, ప్రకటన సవరణ కోరుతూ.

అయ్యా,

మా అమ్మాయికి ఉబ్బసం. పరుపుల్లో, దిండ్లలో పెరిగే డస్ట్ మైట్లు, అంటే కంటికి ఆనని దుమ్ము పురుగులు, ఆమెకు పడవని చర్మ పరీక్షలో తేలింది. మందులు రాసిచ్చిన డాక్టరు గారే పరుపును, దిండ్లను అన్ని వైపులా జిప్పుతో మూసే తొడుగుల్లో ఉంచమన్నారు. మీ వెబ్‌సైటులో ‘పరుపును పూర్తిగా కప్పివేస్తుంది, మైట్లను 100 శాతం అడ్డుకుంటుంది’ అని చూసి, రూ. 4,290 పెట్టి పరుపు తొడుగు, రెండు దిండు గలీబులు, ఒక దుప్పటి ఉన్న సెట్టు కొన్నాను.

వచ్చిన తొడుగుకు అడుగు భాగమే లేదు. నాలుగు మూలలా ఎలాస్టిక్ కుట్టిన దుప్పటి అది. పైన నీరు దిగని పూత ఉంది, పక్కలకు పలుచటి గుడ్డ వేశారు. దోమతెరను మూడు వైపులే కుట్టి అమ్మినట్టుంది ఈ వ్యవహారం. మాది పాత బూరుగు దూది పరుపు. మనిషి ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, గాలిలోని తేమను పీల్చుకుని ఈ పురుగులు బతుకుతాయి. తేమ 50 శాతం దాటితే వాటికి హాయి. సముద్రం పక్కనున్న మా ఊళ్లో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజులు అరుదు. అలాంటి పరుపుకు అడుగు తెరిచి, పక్కలకు పలుచటి గుడ్డ చుట్టి, దాన్ని సంపూర్ణ రక్షణ అనడం ఏ లెక్కన సబబు?

మీ కస్టమర్ విభాగాన్ని అడిగితే ‘నీళ్లే దిగని గుడ్డలోంచి పురుగులు ఎలా వస్తాయండీ’ అన్నారు. నీళ్లు దిగనిది పైభాగం మాత్రమే. పైగా ఇక్కడ అసలు బెడద పురుగు కంటే దాని విసర్జనతో. పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే, దాని విసర్జన రేణువులు సుమారు 10 నుంచి 40 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి. పక్క మీద దొర్లినప్పుడు అవి లేచి ముక్కులోకి వెళతాయి, ఆ తర్వాతే తుమ్ములు, పిల్లికూతలు. వాటిని ఆపాలంటే గుడ్డ నేతలోని రంధ్రాలు 10 మైక్రాన్లకు మించకూడదు. మీ గుడ్డ రంధ్రాల కొలత ఎంతో చెప్పమని రాతపూర్వకంగా అడిగాను, జవాబు లేదు. ‘ప్రయోగశాలలో నిరూపితం’ అన్న మాటకు ఆధారం పంపమంటే ఒక ధ్రువపత్రం వచ్చింది. తెరిచి చూస్తే అది నీటి నిరోధక పరీక్ష నివేదిక! అందులో మైట్ల ఊసే లేదు.

ఇక గలీబులు, దుప్పటి సంగతి. మైట్లు చావాలంటే పక్క బట్టల్ని వారం వారం కనీసం 55 డిగ్రీల వేడి నీటిలో ఉతకాలి. చల్లటి నీరు విసర్జనను కొంత కడుగుతుంది గానీ పురుగుల్లో చాలా వరకు బతికే ఉంటాయి. మీ లేబుల్ మీద ‘చల్లటి నీటిలోనే ఉతకాలి, వేడి నీరు వాడితే వారంటీ వర్తించదు’ అని ఉంది. అలర్జీ ఉన్నవారి కోసమే తయారు చేశామంటున్న బట్టకు ఈ షరతు పెట్టినవారు ఎవరో నాకు చూడాలని ఉంది.

చివరికి మీ ప్రతినిధి రెండు సలహాలిచ్చారు: పరుపును ఎండలో వేయమని ఒకటి, మీ సుగంధ స్ప్రే అదనంగా కొనమని మరొకటి. ఎండలో వేయడం మా నాయనమ్మ కాలం నుంచీ మా డాబా మీద జరుగుతున్నదే, దానికి మీ సంస్థ అవసరం లేదు. ఘాటైన సువాసన ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం రేపవచ్చు. అలర్జీ సరుకులు అమ్మే సంస్థ ప్రతినిధికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

నేను కోరేవి ఇవి. సెట్టు మొత్తం మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని రూ. 4,290 చెల్లించాలి. ‘పూర్తిగా కప్పివేస్తుంది’, ‘100 శాతం’ అన్న మాటలు ప్రకటన నుంచి తీసేయాలి, లేదా మైట్లకు సంబంధించిన పరీక్ష నివేదికను, రంధ్రాల కొలతను అదే పేజీలో పెట్టాలి. సొమ్ము ఇచ్చి ప్రకటనను అలాగే ఉంచితే నా ఫిర్యాదు తీరినట్టు కాదు. మా అమ్మాయిలాంటి పిల్లలున్న మరొకరు రేపు అదే పేజీ చూసి కొంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఈ మొత్తానికి రుసుము కూడా ఉండదు.

ఇట్లు,
మీ వినియోగదారు

జతపరచినవి: బిల్లు నకలు, ప్రకటన పేజీ ముద్రణ, తొడుగు అడుగువైపు ఫొటోలు, ఉతుకు లేబుల్ ఫొటో, మీరు పంపిన నీటి నిరోధక పరీక్ష ధ్రువపత్రం.